బావరి ఋషి జీవితము: ఎరుకయు, క్షమయు

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఒక మహాపురుషుని జీవితము వ్రాసి యిమ్మని కార్యవర్గమువారు నన్ను కోరిరి. నేను గురువుల యొద్ద కూర్చుండి శాస్త్రము చదివినవాడను గాను. పగలెల్ల లెక్కలు వ్రాసికొనుచు, సాయంకాలము ఈ గ్రంథాలయపు బల్లయొద్ద కూర్చుండి, తెలియని పదమునకెల్ల నిఘంటువు త్రిప్పుచు, ప్రాచీన గ్రంథములలో నాలుగు మాటలు నేర్చుకొన్నవాడను. కావున ఈ వ్యాసమున పాండిత్యము కంటె కృతజ్ఞతయే హెచ్చుగా కనబడినచో పాఠక మహాశయులు మన్నింతురు గాక.

మన జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి సీమలలో పుణ్యపురుషుల పేర్లు చెప్పుమన్నచో చిన్న పిల్లవాడును బమ్మెర పోతనామాత్యుని, పాలకురికి సోమనాథుని పేర్లు చెప్పును. అది మనకు గర్వకారణమే. అయితే వారిరువురికిని 1500 ఏండ్లకు మించిన పూర్వకాలమున, మన గోదావరి యొడ్డుననే, తల నెరసిన ఋషి యొకడు పర్ణశాల కట్టుకొని యుండెను. ఆయన పేరు బావరి. 2015వ సంవత్సరపు పుష్కరములలో కాళేశ్వరమున మునిగిన మనవారిలో ఎందరో, ఎగువ నుండి ఆ నీరు ఏయే యాశ్రమముల నొరసికొని వచ్చినదో యెరుగకయే మునిగి యుందురు. నేనును అట్లే మునిగితిని. ఆ పిమ్మట రెండేండ్లకు గాని బావరి కథ నా చేతికి దొరకలేదు. దానివలన నాకు కలిగిన మేలును వ్యాసాంతమున విన్నవింతును.

ఈ వృత్తాంతము పాలిభాషలోని సుత్తనిపాతమను బౌద్ధ గ్రంథమున, పారాయణవర్గమను నైదవ భాగమున నున్నది. బౌద్ధ వాఙ్మయమున మిక్కిలి ప్రాచీనములని పండితులు లెక్కించు భాగములలో నిది యొకటి. దీనికి నిద్దేసమను పేర పాతకాలపు వివరణమొకటియు, పిదప వ్రాయబడిన అట్ఠకథ యను వ్యాఖ్యయు కలవు. మూలగాథలు చెప్పినది కొంత, వ్యాఖ్యాతలు కూర్చినది కొంత. నేను లెక్కలు వ్రాయువాడను గనుక ఈ రెండు పద్దులను కలిపివేయక, వ్యాఖ్యలోని మాటను వ్యాఖ్యలోనిదని చెప్పుచు వ్రాసెదను.

వ్యాఖ్యాతల ప్రకారము బావరి కోసలదేశపు రాజపురోహితుల యింట పుట్టెను. తానును ఆ పదవిని వహించి, పిమ్మట రాజైన ప్రసేనజిత్తునకు విద్య గరపెను. మూడు వేదములందును పారంగతుడు. రాజగౌరవము, ధనము, శిష్యసంపద యన్నియు కలవు. అట్టివానికి వార్ధక్యమున విరక్తి కలిగెను. రాజు ఆయనను విడువలేక తన యుద్యానవనముననే నివాస మేర్పరచెనట. కాని రాజధాని రాజధానియే గదా! వచ్చిపోవువారి సందడిలో మనసు నిలువక, బావరి సెలవు గైకొని శిష్యులతో దక్షిణాపథమునకు బయలుదేరెను. మూలగాథలు మాత్రము ఆయన అకించన స్థితిని, అనగా నాదియను వస్తువొకటియు లేని స్థితిని వెదకుచు కోసలము నుండి దక్షిణమునకు వచ్చెనని యింతమాత్రమే చెప్పును.

ఆయన వచ్చి నిలిచిన చోటు అస్సక జనపదము. సంస్కృతమున దీనినే అశ్మకమందురు. బుద్ధుని కాలమున ప్రసిద్ధములైన 16 మహాజనపదములలో వింధ్యకు దక్షిణమున నున్నది ఇది యొక్కటియే. దాని రాజధాని పోదనము నేటి నిజామాబాదు జిల్లాలోని బోధనేయని పెక్కురు చరిత్రకారుల నిర్ణయము. గోదావరి రెండు పాయలై చీలి నడుమ లంకను విడిచిన చోట బావరి యాశ్రమముండెనని వ్యాఖ్య చెప్పును. ఈ గురుతులను బట్టి, నిర్మల జిల్లాలో ఖానాపురమునకు సమీపమున గోదావరి పాయల నడుమ నున్న బాదనకుర్తియే బావరి నివసించిన తావని మన తెలంగాణ పరిశోధకులలో ననేకులు విశ్వసించుచున్నారు. అచట నుండి ధర్మపురి, కోటిలింగాల, మంథని మీదుగా ఆ నీరు మన కాళేశ్వరమునకు దిగివచ్చును.

ఆశ్రమమున బావరి జీవనము మిక్కిలి సామాన్యమైనది. కోతలైన చేలలో పరిగె యేరుకొని, అడవి పండ్లు తిని కాలము గడిపెడివాడు. 500 మంది శిష్యులకు పాఠము చెప్పెడివాడు. కొంతకాలమునకు ఆశ్రమము దాపున ఒక పెద్ద గ్రామము వెలసెను. ఆ గ్రామపు రాబడి ఆయనకు వచ్చుచుండెను. ఆ ధనమును ఆయన కూడబెట్టలేదు. గొప్ప యజ్ఞము చేసి, ఉన్నదంతయు దానము చేసి, వట్టిచేతులతో మరల తన కుటీరమును ప్రవేశించెను. అప్పటికాయన వయసు 120 ఏండ్లు. ఇక తనకు కావలసినది లేదు, ఇయ్యవలసినది లేదు అని యాయన యనుకొని యుండవచ్చును. మనుష్యునకు పరీక్ష సాధారణముగ అట్టి సమయముననే వచ్చును.

బావరి లోనికి పోవునంతలోనే ఒక పేద బ్రాహ్మణుడు వచ్చెను. నడచి నడచి వాని పాదములు ఒరసికొనిపోయినవి. పండ్లు పాచిపట్టినవి. తల దుమ్ముకొట్టుకొన్నది. వీనిని భార్య గద్దించి యాచనకు తరిమెనని వ్యాఖ్య చెప్పును. బావరి వానిని చూచి ముందుగా కూర్చుండ బెట్టెను. క్షేమమడిగెను. మార్గాయాసము విచారించెను. పాఠకులు ఈ మాటను మనసున నుంచుకొనవలయునని నా ప్రార్థన. వాడు 500 నాణెములిమ్మని యడిగెను. బావరి తన యొద్ద నున్నదంతయు ఇచ్చివేసితిననియు, 500 తన వద్ద లేవనియు, మన్నింపుమనియు వినయముతో చెప్పెను.

వాడు నమ్మలేదు. అడిగిన నాకు ఈయవైతివి గనుక ఏడవనాడు నీ తల యేడు వ్రక్కలగునని శపించెను. శపించుటయే గాక, చూచువారికి భయము గొలుపునట్లు ఏదో క్రతువు నటించి మరీ శపించి పోయెను. ఇట్టి సంగతి మన పల్లెలలో ఎవరికి తెలియదు? గడప ముందు మన్నెత్తి పోయుటయు, ఉసురు తగులునని యనుటయు, నీ పిల్లలు బాగుపడరని చేతులు విరుచుటయు మనము చూచినవే. ఆ మాటకు బలమున్నదో లేదో యెవరును చెప్పలేరు. కాని విన్నవాని రాత్రి నిద్ర పోవుట మాత్రము నిజము.

బావరికిని అదియే గతి పట్టెను. మూడు వేదములు చదివిన వృద్ధుడు, సర్వస్వమును దానము చేసిన త్యాగి, ఒక యాచకుని మాటకు కృశించిపోయెను. అన్నము మానెను. దుఃఖమను ములుకు గుండెలో దిగి, ధ్యానమునకు కూర్చున్నను మనసు నిలువకపోయెను. గాథాకారులు దీనిని దాచలేదు. మహాపురుషుల జీవితములు వ్రాయువారు తరచుగా నాయకుని యందు భయమును గాని, తప్పును గాని చూపరు. ఈ కథ యట్లు కాదు. ధనమును త్యజించుట వేరు, భయమును త్యజించుట వేరు అని యిది మొదటనే ఒప్పుకొనుచున్నది. ఇంటి నిండ నున్న ధాన్యమును ఒక్కనాటిలో పంచిపెట్టవచ్చును గాని, చెవిలో పడిన ఒక్క మాటను బయట పారవేయుట యెంత కష్టమో కదా!

అప్పుడు ఆయన మేలుగోరు దేవత యొకతె కనబడి ధైర్యము చెప్పెను. ఆ వచ్చినవాడు ధనాశ గల కపటి యనియు, తలయననేమో, తల వ్రక్కలగుటయననేమో వానికి తెలియదనియు పలికెను. అట్లైన నీకు తెలిసిన చెప్పుమని బావరి యడిగెను. తనకును తెలియదనియు, కపిలవస్తు నగరమున శాక్యకులమున పుట్టిన బుద్ధునికే అది తెలియుననియు దేవత బదులు చెప్పెను. బుద్ధుడను పేరు చెవిని పడినంతనే బావరి దుఃఖము పలుచబడెను. ఆయన ఏ యూర నున్నాడని యాతురతతో నడిగి, శ్రావస్తిలో నున్నాడని తెలిసికొనెను.

ఇచట నొక విషయమును గమనింపవలెను. బావరికి 500 మంది శిష్యులు కలరు. ఆ పేదవానిని వెదకి తెప్పించుట గాని, శిక్షింపుడని రాజునకు చెప్పి పంపుట గాని ఆయనకు కష్టము కాదు. శాపమునకు ప్రతిశాపమిచ్చుట మంత్రవేత్తకు ఇంకను సులభము. ఈ పనులలో నొకదానినైనను ఆయన చేసినట్లు గాథలలో లేదు. ఆ యాచకుడు కుటీరపు వాకిలి దాటిన పిమ్మట కథలో మరల కానరాడు. బావరి తన శిష్యులను పంపినది శత్రువును వెదకుటకు కాదు, అర్థమును వెదకుటకు. తల యననేమి? తల వ్రక్కలగుట యననేమి? ఇంతియే ఆయన ప్రశ్న. క్షమ యనగా అవతలివానిని పిలిచి నిన్ను మన్నించితినని చెప్పుట యొక్కటియే కాదు. వాని నుండి చూపును మరల్చి, నాకేల ఇంత భయము కలిగినదని తనలోనికి చూచుకొనుట దానికి మొదటి మెట్టు.

శిష్యులలో మేటివారైన 16 మందిని బావరి యెన్నుకొనెను. వారు అజితుడు, తిస్స మెత్తేయ్యుడు, పుణ్ణకుడు, మెత్తగువు, ధోతకుడు, ఉపసీవుడు, నందుడు, హేమకుడు, తోదేయ్యుడు, కప్పుడు, జతుకణ్ణి, భద్రావుధుడు, ఉదయుడు, పోసాలుడు, మోఘరాజు, పింగియుడు. పోయి బుద్ధుని యెదుట నిలిచి నోరు విప్పక మనసులోనే ప్రశ్నింపుడనియు, మనసున నడిగినదానికి ఆయన నోట బదులు చెప్పినచో నిజమైన బుద్ధుడని యెరుగుడనియు గురువు వారికి బోధించెను. ఎంత భయములో నున్నను పరీక్షింపక నమ్మవలదన్న వివేకము ఆయన విడువలేదు.

జటలు ధరించి, జింకచర్మములు కప్పుకొని వారు ఉత్తరముఖముగా బయలుదేరిరి. మొదట ప్రతిష్ఠానము, అనగా నేటి పైఠణము. తరువాత మాహిష్మతి, ఉజ్జయిని, విదిశ. పిమ్మట కౌశాంబి, సాకేతము, శ్రావస్తి. అచట నుండి కపిలవస్తు, కుశీనగరము, పావా, వైశాలి దాటి మగధ రాజధానిని చేరి, కట్టకడపట పాషాణక చైత్యమున బుద్ధుని దర్శించిరి. గోదావరి లోయ నుండి గంగామైదానమునకు పోవు ప్రాచీన మార్గమును చెప్పు గాథలుగ వీనిని చరిత్రకారులు నేటికిని ఉదాహరింతురు. దప్పిగొన్నవాడు చల్లని నీటికి, ఎండన బడినవాడు నీడకు పరుగెత్తునట్లు వారు ఆ కొండనెక్కిరని కవి వర్ణించెను.

బుద్ధుడు సభలో ధర్మము చెప్పుచుండెను. అజితుడు ఒక ప్రక్క నిలిచి, గురువుగారి వయసు, గోత్రము, శరీరలక్షణములు, విద్య మొదలైనవానిని మనసులోనే యడిగెను. అన్నిటికిని సరియైన సమాధానము వచ్చెను. తుదకు తలను గూర్చిన ప్రశ్న నడిగెను. దానికి బుద్ధుడు చెప్పిన యర్థము ఈ కథకంతటికిని గుండెకాయ వంటిది. అవిద్యయే తల యట. విద్యయే ఆ తలను వ్రక్కలు చేయునది యట. అయితే ఆ విద్య ఒంటరిగా పనిచేయదు. శ్రద్ధ, ఎరుక, సమాధి, సంకల్పము, ఉత్సాహము అను నైదును దానికి తోడు కావలెను. ఇందు ఎరుక యని నేను వ్రాసినదానిని పాలిలో సతి యనియు, సంస్కృతమున స్మృతి యనియు నందురు. ఇప్పుడు నా మనసున ఏమి జరుగుచున్నదో ఇప్పుడే గుర్తించుట యని దీనికి తేటయైన యర్థము.

చూడుడు, శాపము వరముగా మారిన విధము! కపటి యొకడు కోపమున నోటికి వచ్చినది పలికెను. ఆ మాటనే బుద్ధుడు గ్రహించి, నీలో పగులవలసిన తల యొకటి యున్నమాట నిజమే, అది నీ యజ్ఞానము సుమా యని త్రిప్పి చెప్పెను. బావరి తల పగులలేదు, భయము పగిలెను. తరువాత బుద్ధుడు అజితునితో, బావరి తన శిష్యులతో కూడ సుఖముగ నుండుగాక యనియు, నీవును చిరకాలము సుఖముగ నుండుమనియు దీవించెను. ఒక నోటి నుండి శాపము వెడలెను. మరియొక నోటి నుండి దీవన వచ్చెను. రెండును మాటలే. ఒకటి పర్ణశాల వాకిట వినబడినది, రెండవది వందల యోజనముల దూరమున పలుకబడినది. దూరపు మాటయే నిలిచినది.

పిమ్మట 16 మందియు ఒకరి తరువాత నొకరు తమ సందేహములను అడిగిరి. లోకమును కప్పుచున్నదేమని, నలువైపుల ప్రవహించు తృష్ణాప్రవాహముల కడ్డుకట్ట యేదని అజితుడడుగగా, ఎరుకయే ఆ కట్ట యనియు, ప్రజ్ఞచేత ఆ ప్రవాహము మూతపడుననియు బుద్ధుడు చెప్పెను. చెరువులను నమ్మి బ్రతుకు మనకు ఈ యుపమానము విడమరచి చెప్పనక్కరలేదు. మహబూబాబాదు జిల్లా బయ్యారపు చెరువు వంటి కాకతీయుల నాటి చెరువుల క్రింద సేద్యము చేయువారు గండి పడిన కట్ట యెట్టిదో యెరుగుదురు. కోపమను వరద వచ్చిన పిదప కట్ట వేయలేము. ముందుగనే గట్టుపై కావలి యుండవలెను. ఆ కావలియే ఎరుక. యజ్ఞములు చేసినవారు జరామరణములను దాటిరా యని పుణ్ణకుడడిగెను. ఫలము నాశించి చేసినవారు దాటలేదని సమాధానము. యజ్ఞము చేసి వచ్చిన గురువు గల శిష్యుడు ఇట్లడుగుట సాహసమే. తన సందేహమును తీర్చి తన్ను విడిపింపుమని ధోతకుడు వేడగా, నేనెవరిని విడిపింపలేను, ధర్మము నెరిగి నీవే దాటవలెనని బుద్ధుడు చెప్పెను. ఎల్లప్పుడు ఎరుక గలిగి లోకమును శూన్యముగ చూడుమని మోఘరాజునకు బోధించెను.

కడపటి వాడు పింగియుడు. వ్యాఖ్య ప్రకారము బావరికి మేనల్లుడు. అతడు నడుము వంగిన ముదుసలి. చూపు మందగించినది, చెవి వినబడదు, బలము లేదు, ఇట్లే మోహములో చచ్చిపోకుండ ధర్మము చెప్పుమని యడిగెను. తక్కిన పదునేనుగురు విన్నంతనే పూర్ణజ్ఞానులైరనియు, పింగియుని మనసు మాత్రము ఇంత గొప్ప మాటను మామ వినలేకపోయెనే యని ఇంటివైపు లాగుటచే ఒక మెట్టు క్రింద నిలిచెననియు వ్యాఖ్యాతలు చెప్పుదురు. ఆ లోపమే మనకు లాభమైనది. ఆ వృద్ధుడే తిరిగి గోదావరికి వచ్చి బావరికి సర్వమును వినిపించెను.

అంత గొప్ప గురువును విడిచి క్షణమైన నెట్లు ఉండగలవని బావరి ప్రశ్నించెను. తాను క్షణమైనను ఎడబాయుట లేదనియు, రాత్రింబవళ్లు ఏమరుపాటు లేక కంటితో చూచినట్లు మనసుతో చూచుచుందుననియు, శరీరము దుర్బలమై నడువలేదు గాని మనసు అచటనే యున్నదనియు పింగియుడు బదులు చెప్పెను. ఎరుకకు అడవియు, పీఠమును, పడుచుదనమును అక్కరలేదని దీనివలన తెలియుచున్నది. మంచము పట్టిన ముసలివానికిని అది సాధ్యమే. ఈ సంభాషణము చివర బుద్ధుని కాంతి వారికి కనబడెననియు, అది విని పింగియుడు అర్హంతుడును, బావరి అనాగామియు నైరనియు వ్యాఖ్య ముగించును. అనాగామి యనగా ఈ లోకమునకు మరల పుట్టి రానివాడు. అనాగామికి ద్వేషము మొదలంట తెగియుండునని బౌద్ధశాస్త్రము. తన్ను శపించినవాని పట్ల బావరి మనసున ఏ మరకయు మిగులలేదనుటకు ఇంతకన్న నిదర్శనమేల?

ఈ పారాయణ గాథలు మునులకే పరిమితములై పోలేదు. వేళుకంటక మను నూర నందమాత యను గృహిణి తెల్లవారుజామున లేచి వీనిని గొంతెత్తి చదువుచుండెడిదని అంగుత్తరనికాయము చెప్పుచున్నది. ఆమెకు నందుడని ఒక్కడే కొడుకు. వానిని రాజభటులు ఏదో నెపమున పట్టుకొనిపోయి చంపిరి. పట్టుకొన్నప్పుడును, కట్టినప్పుడును, చంపినప్పుడును తన మనసు చలింపలేదని ఆమె సారిపుత్రునితో చెప్పెను. ఇది మనకు నమ్మశక్యము కానంత పెద్ద మాట. అంతటి క్షమ మనవంటివారికి రాదు. కాని ఆమె వేకువన లేచి చదివిన చదువు మన గోదావరి గట్టువారు పోయి తెచ్చిన చదువే యని తలచినపుడు, మనమును అందులో ఒక పాలు తీసికొనవచ్చునని ధైర్యము కలుగును.

బావరి శిష్యులు తెచ్చిన ధర్మము పిమ్మట ఈ నేలలో ఎంత వేరూనినదో త్రవ్వకములే చెప్పుచున్నవి. పెద్దపల్లి జిల్లా ధూళికట్టలో స్తూపము బయల్పడినది. అచటి పలకపై ముచిలింద నాగము చెక్కబడి యున్నది. జనగామకు పొరుగుననున్న సూర్యాపేట జిల్లాలోని ఫణిగిరి కొండపై 1940వ దశకమునను, మరల 2000వ సంవత్సరము తరువాతను త్రవ్వగా స్తూపము, విహారములు, తోరణశిల్పములు దొరకినవి. రాళ్లు మిగిలినవి. ఆ రాళ్లను నిలిపినవారి మనసు ఎట్టిదో తెలియుటకు బావరి కథ వంటివి చదువవలెను.

ఇక మొదట చెప్పిన నా మాట. 2011వ సంవత్సరమున తొలకరి దినములలో ఒక ముసలి రైతు నేను లెక్కలు వ్రాయుచోటికి సొమ్ము కొరకు వచ్చెను. ఆనాటికి వచ్చిన సొమ్మంతయు పంపకమైనది. లేదని చెప్పితిని. ఆయన నమ్మక, వాకిట పిడికెడు మన్ను తీసి చల్లి, నా యింటిని, నా పిల్లలను శపించి పోయెను. ఆ వారముననే నా చిన్న కూతురు జ్వరముతో మంచము పట్టెను. పది దినములకు కోలుకొన్నది గాని నా మనసు కోలుకొనలేదు. భయము ద్వేషమైనది. ఆరేండ్లు ఆ ముసలివాడు ఎదురైనచో మరియొక సందు త్రొక్కి పోయెడివాడను.

2017లో బావరి కథ చదువుచు, ఆయన ఆ యాచకుని ముందుగా కూర్చుండ బెట్టి క్షేమమడిగెనన్న చోట నా చేయి ఆగిపోయినది. నా యొద్దను సొమ్ము లేదు. బావరి యొద్దను లేదు. అంతవరకు మా పద్దులు సమానమే. కాని ఆనాడు నేను పుస్తకము మీది నుండి తల యెత్తనేలేదు. లేదన్న మాటను కాగితమును చూచుచు చెప్పితిని. పగులవలసిన తల యేదో నాకు అప్పుడు తెలిసినది.

మరునాడు ఆయన యింటికి పోయి నా తప్పు చెప్పుకొంటిని. శాపము సంగతి యెత్తగా, ఆయనకు అది జ్ఞాపకమే లేదు. ఎండలో నాలుగు మైళ్లు నడిచి వచ్చిన తనవైపు నేను చూడకపోవుట మాత్రము జ్ఞాపకమున్నది. ఆరేండ్లు నేను మోసిన మూట యాయనది కాదు, నాదియే. ఆయన మంచము వాల్చి నన్ను కూర్చుండ బెట్టి, కోడలిచేత మజ్జిగ తెప్పించి, పిల్లల క్షేమమడిగెను. బావరి చేసిన మొదటి పనిని నేను చేయలేదు. ఏ పుస్తకము చదువని ఆ ముదుసలి చేసెను.

నాటి నుండి ఎవరు వచ్చినను ముందు తల యెత్తి చూచి, కూర్చుండుమని చెప్పి, పిదపనే లెక్క చూచుచున్నాను. కోపము వచ్చినపుడు వచ్చినదని గుర్తించుట నేర్చుకొనుచున్నాను. ఇంకను చాల సారులు తప్పుచున్నాను. గోదావరికి పుష్కరములు 12 ఏండ్లకొకసారి వచ్చును గాని, మనసు కడుగుకొను పని దినదినము మిగిలియే యుండును. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము తలుపు తెరచి, అక్షరము వచ్చినవారినెల్ల కూర్చుండ బెట్టుచున్నది. ఇది యెప్పటికిని మూతపడక, మన పిల్లలకును ఇట్టి కథలు చేతికి దొరకుగాక యని కోరుచు విరమించుచున్నాను.